పాలపళ్ళు

చీమకుర్తి క్వారీ షెడ్డులో
పద్నాలుగేళ్ళ ఊర్మిళ నిద్ర
ఈ కాంటెస్సాది.
వెనక సీట్లో కోడి పొదిగి లేచిన గుంట.
డ్యాష్‌బోర్డు మీది రాతిదుమ్ములో
ఎవరో వేలితో ఫోన్ నంబరు రాశారు,
తొమ్మిదంకెలే ఉన్నాయి.

ఇనప తూకానికి అడిగాను, ఇచ్చారు.
బండికంటే
దాన్ని ఒంగోలు తెచ్చిన క్రేనుకే ఎక్కువయింది.

కర్నూలు రోడ్డులో నా లేతు మిషను.
పగలంతా బోరు మోటార్ల షాఫ్టులు, క్రషర్ల బుష్షులు.
రాత్రి పదిన్నర దాటాక జిలానీ వస్తాడు
చేతులకి రుద్దుకున్న సర్ఫు వాసనతో,
మళ్ళీ గ్రీజు పూసుకోడానికి.

ముందు బరువు దించాం.
సీట్లు, ఏసీ, స్టెప్నీ, కాళ్ళకింది తివాచీ,
డిక్కీలో పంచకుండా మిగిలిన పెళ్ళిపత్రికల కట్ట.
ఎవరివో నేను చదవలేదు.
జిలానీ చదివాడు, చెప్పలేదు.

ఫ్లైవీల్ని నేనే కోశాను,
తొమ్మిది కిలోలది ఆరున్నరకి.
బీడు చుట్టలు చుట్టదు, కాటుకలా రాలుతుంది.
వారం రోజులు
చీదితే నలుపే.

కోయంబత్తూరు నుంచి రెండు కార్బురేటర్లు
చెప్పుల డబ్బాలో పార్శిలొచ్చాయి.
గొట్టాల్లో ఇసక కూరి, కాల్చి, వంచి
నాలుగింటినీ ఒకే గొంతులో కలిపాడు జిలానీ.
మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు
పక్క టీకొట్టులో గ్లాసులు
ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

ఆ చప్పుడికే వచ్చాడు మాలకొండయ్య బాబాయి,
నలభయ్యేళ్ళు బండలాగుడు పందేల్లో ఎడ్లు తోలినవాడు.
చుట్టూ ఒకసారి తిరిగి
వెనక చక్రం పైన రేకుని నిమిరి
"ఎన్ని పళ్ళు?" అన్నాడు.

నవ్వాం.
తర్వాత లెక్క చెప్పాను:
పినియన్‌కి పది, క్రౌనుకి నలభైమూడు.
"నోరు పెద్దదే."

"లాగేదేంది?"
ఏమీ లేదు బాబాయ్, దాన్నదే లాక్కోవాలి.
నాలుగొందల రెండు మీటర్లు, ఒక్క ఊపులో.
"బండ లేకుండా పందెమా!"
టీ అయ్యేదాకా మాట్లాడలేదు.
గ్లాసు కింద పెట్టి
"మరి ఆగేదెట్టా?" అన్నాడు.

ఆ ముక్క మేమిద్దరం
అప్పటిదాకా అనుకోలేదు.
బ్రేకులకి ఇంకో ఇరవై రోజులు.

క్వారీ వెనక లారీలు తిరగడం మానేసిన బాట.
ఆదివారం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు.
బాబాయి తాడేసి కొలిచాడు,
పందెం బరికి పోసినట్టే సున్నంతో గీత పోశాడు.
ఆ చివర షాహిదా, జిలానీ కూతురు,
ఫోన్లో స్టాప్‌వాచీ పెట్టుకుని
ట్యూషనుకి ఆలస్యమవుద్దని గొణుగుతా.

క్లచ్చు వదిలాను.

ఎద్దు మోకాళ్ళ దాకా వంగి
బండ ఇంకా కదలకముందు
ఒక ఊపిరి ఉంటదే,
అదొచ్చి పోయింది.
చక్రాలు నేలని కరిచాయి.
బానెట్టు లేచి కొండని మింగింది.
నా వీపు నాకంటే వెనకెక్కడో ఉంది.
రెండో గేరు పడింది,
మూడోది

పడలేదు.
కింద ఇనుము ఇనుముని నమిలిన చప్పుడు.
బండి దానంతటది నెమ్మదిగా దొర్లి ఆగింది,
గీతకి ఇంకా చాలా ఇవతల.
దూరం నుంచి షాహిదా కేక:
"ఆపేదా? ఉంచేదా?"

జిలానీ డిఫరెన్షియల్ మూత విప్పాడు.
నల్లటి ఆయిల్లో వేళ్ళు పెట్టి దేవి
ఒకటి తీశాడు. ఇంకోటి. మూడోది.
బాబాయి పంచె చెంగుకి తుడిచి
ఎండకెత్తి చూశాడు.

"పాలపళ్ళురా అబ్బయ్యా.
ఇయి ఊడితేనేగా
రెండు పళ్ళ ఇభాగంలోకి రానిచ్చేది."

ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చాం.
దారంతా జిలానీ
మద్రాసులో గేర్లు కోసేవాడితో ఫోన్లో బేరం.

షాహిదా ఒక పన్ను అడిగి తీసుకుంది.
సాయంత్రం లేతు ఆపి చేతులు కడుక్కుంటుంటే
మా షెడ్డు రేకుల మీద ఏదో పడింది,
కొంచెం దొర్లింది,
ఆగింది.